ఇంటి షెడ్డులో హాట్ రాడ్ బాడీ: సీటు కొలత నుంచి ప్రైమర్ దాకా

పాత బండి ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద పాతకాలపు తీరు బాడీని కొత్తగా కట్టుకునేదే హాట్ రాడ్. దాని గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందిది రేకు గురించిన ప్రశ్నే. ఎన్ని షీట్లు కొనాలి, ఎంత గేజి (రేకు మందం) తీసుకోవాలి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుందా అని. అన్నీ సరిగ్గా చేస్తే రేకు దాకా రావడానికి రెండు నెలలు పడుతుంది. రేకు ముందే కొంటే వానాకాలంలో అది తుప్పు పడుతుంది. ఆ తుప్పు చూసి మనం తొందరపడి కోస్తాం. కోసిన ముక్క సరిపోక మళ్లీ కొంటాం. నా మొదటి బాడీకి రెండు షీట్లు ఇలాగే పోయాయి.

ఇంటి వెనక ఒక షెడ్డో, కింద ఒక షట్టర్ గదో ఉండి, వెల్డింగ్ కొంత చేతికి వచ్చినవారి కోసం ఇది రాస్తున్నాను. ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్ పనులు ఇందులో లేవు. వాటిని అనుభవమున్న మెకానిక్‌తోనే చేయించండి.

నమూనాగా తీసుకున్నది 1930ల ఫోర్డ్ రోడ్‌స్టర్ తీరు. పొడవాటి బానెట్, ఛాసిస్ మీదకు కిందికి దిగిన ఇద్దరి బాడీ, బయటికి కనిపించే ముందు చక్రాలు. కప్పు ఉండదు. మొదటి బాడీకి కప్పు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. కప్పు వచ్చిందంటే అద్దాలు, వాటి రబ్బర్లు, నీరు కారకుండా చూసే బాధ్యత, అన్నీ దాని వెనకే వస్తాయి.

1. ఈ బండి ఎక్కడ తిరగాలో ముందు తేల్చుకోండి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని బండ్లకే వర్తిస్తాయి. మనం చేసేదే పెద్ద మార్పు కాబట్టి ఆ దారి మనకు లేదు.

అందుకే ఈ బండిని ప్రదర్శనకు, సొంత స్థలానికి, అనుమతి ఉన్న ట్రాక్‌కు మాత్రమే కట్టుకోండి. రోడ్డు మీద నడపొద్దు, లారీ మీద తీసుకెళ్లండి. ఛాసిస్ కొనేటప్పుడు అమ్మకం పత్రం తీసుకోండి. పాత బండి రిజిస్ట్రేషన్ రద్దు సంగతి ఆర్టీఓ కార్యాలయంలో తేల్చుకున్నాకే కటింగ్ మొదలుపెట్టండి.

ఛాసిస్ ఎంపికలో ఒక్కటే ముఖ్యం. బాడీ విప్పినా తనంతట తాను నిలబడే నిచ్చెన ఛాసిస్ కావాలి. ప్రీమియర్ పద్మినికి అలాంటిది లేదు, దాని బాడీయే దాని ఎముక. జీపు, బొలెరో తరహా బండ్లు పనికొస్తాయి. 1932 ఫోర్డ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 106 అంగుళాలు, అంటే 2,692 మిల్లీమీటర్లు. బొలెరోది దానికి చాలా దగ్గర. పాత విల్లీస్ జీపుది 80 అంగుళాలే. ఫోర్డ్ బొమ్మ చూసి అదే బాడీని జీపు ఛాసిస్ మీద కడితే బానెట్ పొట్టిదై, బండి ముక్కు కోసినట్టు కనిపిస్తుంది.

2. హైదరాబాద్ వాతావరణాన్ని బట్టి పని పంచుకోండి

- జూన్ నుంచి సెప్టెంబరు: కొలతలు, వెదురు, అట్ట, ప్లైవుడ్ నమూనా. బయట వాన పడుతున్నా ఆగని పని ఇదే.
- అక్టోబరు నుంచి ఫిబ్రవరి: రేకు పని, వెల్డింగ్, ప్రైమర్. గాలి పొడిగా ఉంటుంది, చేతులూ అలసిపోవు.
- మార్చి నుంచి మే: అమరికలు, వైరింగ్, సీట్లు. రేకుల షెడ్డు కింద ఈ నెలల్లో వెల్డింగ్ కోటు వేసుకుని నిలబడడం కష్టం.

ఎండ కొలతలను కూడా మారుస్తుంది. రెండు మీటర్ల ఉక్కు ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తలుపు సందులు సరిచేసే పనిని ఉదయం పూట, బండి మొత్తం నీడలో ఉన్నప్పుడు పెట్టుకోండి.

3. షెడ్డు, కరెంటు, పనిముట్లు

బండి చుట్టూ నాలుగు వైపులా కనీసం మూడడుగుల ఖాళీ ఉండాలి. ముందువైపు ఇంకాస్త ఎక్కువ ఉంచండి. దూరం నుంచి చూడకుండా గీత సరిగా ఉందో లేదో తెలియదు.

వెల్డింగ్ మిషన్‌కు విడిగా లైను, విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. ఇంట్లోని మామూలు ప్లగ్గు పాయింటు నుంచి పొడిగింపు వైరు లాగొద్దు.

- మిగ్ వెల్డింగ్ మిషన్, 0.8 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్–కార్బన్ డయాక్సైడ్ మిశ్రమ వాయువు
- నాలుగంగుళాల గ్రైండర్లు రెండు: ఒకదానికి కటింగ్ వీల్, ఒకదానికి ఫ్లాప్ డిస్క్
- చెక్క సుత్తి, టింకరింగ్ సుత్తులు, రెండు మూడు ఆకారాల డాలీలు (సుత్తితో కొట్టేటప్పుడు రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మలు)
- మందపాటి కాన్వాసు లేదా తోలుతో కుట్టించిన ఇసుక సంచి
- రసమట్టం, మూలమట్టం, తూకం గుండు, నీళ్ల గొట్టం
- రేకు పట్టే క్లాంపులు, కనీసం పన్నెండు
- తోలు చేతి తొడుగులు, చెవులకు రక్షణ, కళ్లద్దాలు, వెల్డింగ్ పొగకు తగిన మాస్కు
- అగ్నిమాపక సిలిండర్, ఇసుక బకెట్

పెట్రోలు ట్యాంకును షెడ్డు నుంచే బయట పెట్టాలి. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, అది పేలుతుంది. బ్యాటరీ తీసేయండి. వెల్డింగ్ ఆపాక అరగంట షెడ్డు వదిలి వెళ్లవద్దు.

ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడండి. గ్రైండర్ చప్పుడుకు వేళలు చెప్పి, వాటిని పాటిస్తే ఎవరూ అడ్డుచెప్పరు.

4. నేల మీద గీతలు

ఛాసిస్‌ను జాకీల మీద కాకుండా నాలుగు గట్టి స్టాండ్ల మీద నిలపండి. బండి తయారయ్యాక ఏ ఎత్తులో, ఏ వాలులో నిలబడాలో అదే ఎత్తు, అదే వాలు ఇప్పుడే ఉండాలి. వాడబోయే చక్రాలు, టైర్లే బిగించాలి. వేరే టైర్లతో కట్టిన బాడీ తర్వాత ఎప్పటికీ కుదరదు.

నాలుగు మూలల ఎత్తును మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో చూడండి. ఛాసిస్ మీది గుర్తుల నుంచి తూకం గుండు వదిలి, నేల మీద సుద్దతో చుక్కలు పెట్టండి. ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు కొలవండి. మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఛాసిస్ వంగి ఉన్నట్టే. ముందు దాన్ని సరిచేయించండి. వంకర ఛాసిస్ మీద తిన్నగా కట్టిన బాడీ వంకరగానే కనిపిస్తుంది.

తర్వాత ముందు నుంచి వెనక దాకా మధ్యగీత వేయండి. దాన్ని పెయింటుతో వేయండి, సుద్ద వారంలో చెరిగిపోతుంది. ఇకపై ప్రతి కొలతా ఆ గీత నుంచే.

5. ముందు మనిషి, తర్వాతే బాడీ

చాలామంది ముందు గ్రిల్లు చేస్తారు. అందంగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి కట్టుకుంటూ వచ్చేసరికి మనిషి కూర్చునే చోటికి మిగిలేది జానెడు. నేను చూసిన సగం బాడీలు అక్కడే ఆగిపోయాయి.

సీటును నేల రేకు ఉండబోయే ఎత్తులో ఇటుకల మీద పెట్టండి. బండి నడపబోయే మనిషి, తొడుక్కోబోయే బూట్లతోనే, అందులో కూర్చోవాలి. పక్కన ఇంకొకరు నిలబడి కొలతలు రాయాలి.

- స్టీరింగ్ మధ్య నుంచి ఛాతీకి కనీసం 25 సెంటీమీటర్లు
- తొడకూ స్టీరింగ్‌కూ మధ్య అరచేయి నిలువుగా పట్టాలి
- క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి
- పెడల్ మీద నుంచి తీసిన పాదం పక్కన ఆనడానికి చోటు
- మోచేయి తలుపు అంచు మీద ఎక్కడ ఆనుతుందో ఆ ఎత్తు
- ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కాలు ఎంత పైకి లేస్తుందో ఆ ఎత్తు

పది నిమిషాలు అలాగే కూర్చోనివ్వండి. మొదటి నిమిషంలో బాగున్న సీటు పదో నిమిషంలో నడుము నొప్పి తెస్తుంది. మోచేయి ఆనే ఎత్తే బాడీ పక్క అంచు ఎత్తు. అదే మీ బాడీ పైగీత. ఈ ఒక్క గీత దొరికితే మిగతా ఆకారమంతా దాని నుంచి వస్తుంది.

ఇంజిన్ వైపు రెండు ఖాళీలు చూసుకోండి. ఇంజిన్ వెనక భాగానికీ, ఫైర్‌వాల్ అనే అడ్డురేకుకూ మధ్య కనీసం 50 మిల్లీమీటర్లు. ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య 25. ఇంజిన్ తన రబ్బర్ల మీద ఊగుతుందని మరచిపోవద్దు.

రేడియేటర్ ముందు చక్రం మధ్యగీత మీదగానీ, కొంచెం వెనకగానీ ఉంటేనే ఆ పాత తీరు వస్తుంది. చక్రానికి ముందుకు పొడుచుకొస్తే ఎంత అందమైన గ్రిల్లు పెట్టినా జీపులాగే ఉంటుంది. ఇంజిన్ ఒప్పుకున్నంత వరకు వెనక్కి జరపండి.

6. వెదురు, అట్ట, ప్లైవుడ్: నిలువెత్తు నమూనా

ఈ పనికి నెల పెట్టండి. ఇక్కడ పెట్టిన ప్రతి రోజూ రేకు దగ్గర వారం మిగుల్చుతుంది.

వినాయక చవితికి ముందు ధూల్‌పేట వెళ్లి విగ్రహాలు చేసేవారిని చూడండి. పైపూత రాకముందే లోపలి కట్టులోనే విగ్రహం భంగిమ మొత్తం ఉంటుంది. కట్టు తప్పితే పైన ఎంత పూసినా దిద్దుబాటు కుదరదు. మన పనీ అంతే.

మేదరుల దగ్గర పొడవాటి వెదురు బద్దలు కొనండి. ఒకే మందంలో చీల్పించుకోండి. బద్దను రెండు చివర్లా పట్టి వంచితే అది తనంతట తాను నునుపైన వంపు తీసుకుంటుంది. చేత్తో గీసిన గీతలో కనిపించని గతుకులు అందులో ఉండవు. బాడీ పైగీతకు ఒకటి, కింది అంచుకు ఒకటి, వెనక గుండ్రానికి రెండు కట్టండి.

ఆ బద్దల మధ్య ఫ్రిజ్ అట్టపెట్టెల ముక్కలు టేపుతో అంటించండి. ఇప్పుడు పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఫోనుతో కూర్చుని ఒక ఫొటో, నిలబడి ఒక ఫొటో తీయండి. ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి చూస్తే కుడి ఎడమల తేడా వెంటనే పట్టుబడుతుంది.

కనీసం వారం ఆ నమూనాను అలాగే ఉంచండి. రోజూ ఉదయం షెడ్డు తలుపు తీయగానే కన్ను ఎక్కడ ఆగుతుందో గమనించండి. అక్కడే తప్పుంది. నా రెండో బాడీ వెనక భాగాన్ని ఇలా ఐదుసార్లు దించాను. ఐదోసారి 40 మిల్లీమీటర్ల దగ్గర అది కుదిరింది.

ఆకారం ఖాయమయ్యాక, ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక అడ్డుకోత కొలిచి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పలకలు కోయండి. ఒక సగానికే కొలిచి, అదే పలకను తిప్పి రెండో సగం గీయండి. రెండు వైపులూ విడిగా కొలిస్తే రెండు వేర్వేరు బాడీలు వస్తాయి. ఈ పలకలన్నీ మధ్యగీత మీద నిలబెట్టి బిగిస్తే రేకును పట్టి చూసుకునే దిమ్మె తయారవుతుంది.

7. ఇనుప కట్టు, రబ్బరు దిండ్లు

రేకు లోపల 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టంతో, 1.6 మిల్లీమీటర్ల మందంలో, కట్టు చేయండి. అడుగున రెండు పొడవాటి గొట్టాలు, ఫైర్‌వాల్ చుట్టూ ఒక చట్రం, తలుపు స్తంభాలు, సీటు వెనక ఒక అడ్డం.

ఈ కట్టును ఛాసిస్‌కు వెల్డ్ చేయకూడదు. ఛాసిస్ దారిలో మెలి తిరుగుతుంది. వెల్డ్ చేస్తే ఆ మెలిక రేకులో చీలికగా బయటపడుతుంది. ఆరు నుంచి ఎనిమిది చోట్ల రబ్బరు దిండ్లు పెట్టి బోల్టులతో బిగించండి.

ఆ దిండ్లను నమూనా రోజునే అసలైన మందంతో పెట్టి ఉంచాలి. నేను ఒకసారి మరచిపోయి, చివర్లో 12 మిల్లీమీటర్ల దిండ్లు పెట్టాను. మెడ భాగం, అంటే బానెట్ వెనక, ఫైర్‌వాల్ పైన ఉండే ముక్క, అంతే పైకి లేచింది, రేడియేటర్ లేవలేదు. అప్పటికే చేసిన బానెట్ పనికిరాకుండా పోయింది.

తలుపు కోసం వదిలిన ఖాళీకి కర్ణంగా ఒక గొట్టం తాత్కాలికంగా వెల్డ్ చేయండి. బాడీ పూర్తిగా అతికి, బోల్టుల మీద కూర్చునేదాకా దాన్ని తీయొద్దు.

8. రేకు: ఏది, ఎంత, ఎక్కడ కోయాలి

కోల్డ్ రోల్డ్ రేకు అడగండి. వంపులున్న చోట్లకు డీడీ లేదా ఈడీడీ గ్రేడు సాగుతుంది. మామూలు గ్రేడు నేల రేకుకు చాలు. జింకు పూత రేకు వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింకు పొగ జ్వరం తెస్తుంది.

పై బాడీకి 20 గేజి, నేలకు 18 గేజి. ఎనిమిది–నాలుగు అడుగుల 20 గేజి షీటు సుమారు 21 కిలోలు, 18 గేజిది 28 కిలోలు తూగుతుంది. కొన్న షీట్లు ఇన్ని గేజిలవో కాదో బరువు చూస్తేనే తెలిసిపోతుంది. షీటుకున్న నూనెను పని మొదలయ్యేదాకా తుడవొద్దు.

పొడవైన తిన్నని మడతలను ఇంట్లో సుత్తితో ప్రయత్నించకండి. బాలానగర్, జీడిమెట్లల్లో మడత మిషన్లున్న వర్క్‌షాపులకు కొలతలతో వెళ్తే గంటలో అవుతుంది. వంపులు మాత్రం మన చేతుల్లోనే రావాలి.

ఇక అసలు విషయం. దిమ్మె మీద గోధుమరంగు కాగితం పరచి అదమండి. వంపు ఎక్కువున్న చోట కాగితం అంచు ముడతలు పడుతుంది. అక్కడ రేకు అంచు కుదించాలి. కాగితం అందక చీల్చాల్సి వచ్చిన చోట చీలిక విచ్చుకుంటుంది. అక్కడ రేకు సాగాలి. ఆ రెండింటినీ పెన్సిల్‌తో కాగితం మీదే గుర్తుపెట్టండి. రేకు మీద ఎక్కడ కొట్టాలో ఆ గుర్తులే చెబుతాయి.

కాగితం మొత్తం ముడతలైతే ఆ ముక్క చాలా పెద్దది. రెండు చేయండి. అతుకును బల్లపరుపు భాగం మధ్యలో పెట్టొద్దు, వెనక నుంచి డాలీ పట్టడానికి చేయి దూరే చోట పెట్టండి.

సాగదీయడం ఇసుక సంచి మీద, చెక్క సుత్తితో. గట్టిగా నాలుగు దెబ్బలకన్నా మెల్లగా నలభై మేలు. ప్రతి ఇరవై దెబ్బలకు దిమ్మె మీద పెట్టి చూడండి. తక్కువ సాగితే మళ్లీ కొట్టవచ్చు, ఎక్కువ సాగితే కుదించడం పది రెట్ల పని.

బయటి అంచులను ఆరు మిల్లీమీటర్ల కడ్డీ చుట్టూ మడవండి, ఇనుప బకెట్ అంచులో తీగ ఉన్నట్టే. అంచు చేతిని కోయదు, రేకు గజగజలాడదు. బల్లపరుపు నేల రేకుకు గాడులు నొక్కించండి. లేకపోతే బండి కదిలినంతసేపూ డప్పులా మోగుతుంది.

9. వెల్డింగ్: తొందర పనికిరాని చోటు

ముక్కలు వేసే వరుస ఇది: నేల, ఫైర్‌వాల్, మెడ భాగం, వెనక భాగం, పక్కలు, తలుపు, రేడియేటర్ చట్రం, చివరగా బానెట్.

ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతకొద్దు. ఆ మడతలో నీరు నిలుస్తుంది, కొన్నాళ్లకు పెయింటు మీద గీత తేలుతుంది. అంచుకు అంచు కలపండి.

మొదటి చుక్క మధ్యలో, తర్వాత రెండు చివర్లలో, తర్వాత వాటి మధ్యలో. ఇలా దూకుతూ చుక్కల మధ్య దూరం 25 మిల్లీమీటర్లకు రావాలి. ప్రతి చుక్క తర్వాత చేయి పెట్టి చూడండి. చెయ్యి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే వేరే చోటికి వెళ్లండి. నాలుగడుగుల అతుకుకు ఒక పూట పడుతుంది.

వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుని రేకును లోపలికి లాగుతుంది. వెనక డాలీ పట్టి వెల్డ్ మీద మెల్లగా కొడితే అది మళ్లీ సాగుతుంది. చుక్కలు పెట్టిన కొద్దీ ఈ పని చేస్తూ పోవాలి, చివర్లో ఒకేసారి కాదు.

షెడ్డు వేడిగా ఉందని ఫ్యాను పెట్టుకుంటే వాయువు కొట్టుకుపోయి వెల్డ్ తేనెపట్టులా గుల్లగుల్లగా వస్తుంది. ఫ్యాను గాలి పొగను బయటికి తోసేలా, మీ వెనక నుంచి పక్కకు పోయేలా ఉండాలి.

తరచూ అడిగే ఇబ్బందులు, వాటి సవరణలు:

- రేకు నొక్కితే టక్కున లోపలికి, బయటికి పోతోంది: మధ్యలో ఎక్కువ సాగింది. పైసా బిళ్లంత చోటును ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా కొట్టి, తడిగుడ్డ అద్దండి. కుంచించుకుంటుంది. ఒక్కో బిళ్లకు ఒకసారే.
- అతుకు పొడవునా పల్లం పడింది: వెల్డ్ కుంచించుకుంది. పుట్టీతో నింపొద్దు, డాలీ మీద సాగదీయండి.
- చుక్క పెట్టగానే రేకు కరిగి కన్నం పడుతోంది: అంచుల మధ్య సందు ఎక్కువ. వెనక రాగి ముక్క ఆనించి చిన్న చుక్కలతో మూయండి.
- గ్రైండ్ చేశాక రేకు నీలం రంగుకు తిరిగింది: ఒకే చోట ఎక్కువసేపు ఆపారు. డిస్క్‌ను కదుపుతూ ఉండాలి.

10. తలుపు, బానెట్

తలుపు సందుకు 4 మిల్లీమీటర్లు పెట్టుకోండి. 4 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు పైపూత రాల్చేస్తే అదే మీ కొలబద్ద. చుట్టూ నడిపిస్తే ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వదులో తెలుస్తుంది. పెయింటు, ప్రైమర్ కలిసి ఆ సందును కొంత తింటాయి.

ముందు కీలు, తర్వాత గడియ, తర్వాతే పై రేకు. రేకు అందంగా చేసి తర్వాత కీలు వెతికితే అది ఎప్పటికీ కుదరదు. ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి తలుపు తీసి వేయండి. ఖాళీ బండిలో బాగా పడిన తలుపు బరువు పడ్డాక రాసుకుంటే, అడుగు గొట్టం సన్నగా ఉందని అర్థం.

బానెట్ అన్నిటికన్నా చివర. మెడ భాగం, రేడియేటర్ చట్రం తమ తమ దిండ్ల మీద బిగిసిన తర్వాత వాటి మధ్య దూరాన్ని ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కొలిచి చేయండి.

11. పుట్టీ, ప్రైమర్, పెయింటుకు పంపడం

రేకును మొత్తం శుభ్రం చేసి ముందు ఎపాక్సీ ప్రైమర్, దాన్ని గీకి దాని మీద పుట్టీ. మూడు మిల్లీమీటర్లకు మించి పుట్టీ అవసరమైతే రేకు పని మిగిలి ఉందని అర్థం, సుత్తి తీయండి. ఎండాకాలం పుట్టీలో హార్డ్‌నర్ తగ్గించండి, లేకపోతే గిన్నెలోనే బిగుసుకుంటుంది. పుట్టీని నీళ్లతో రుద్దవద్దు, అది నీటిని పీల్చుకుని తర్వాత బుడగలు తెస్తుంది. పొడిగా 80, 180, 320 ఎమరీ, పొడవాటి చెక్క దిమ్మకు చుట్టి, అడ్డదిడ్డంగా.

పై పెయింటును ఇంట్లో కొట్టొద్దు. రెండు భాగాల పీయూ (పాలీయూరెథేన్) పెయింటు పొగమంచులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, మామూలు మాస్కు వాటిని ఆపదు. బూత్ ఉన్న చోటికి పంపండి.

పంపేముందు:

- తలుపు అడుగున, బాడీ వెనక మూలల్లో 8 మిల్లీమీటర్ల నీటి కన్నాలు వేశారా
- వైర్లు, అద్దం చట్రం, లైట్ల కన్నాలన్నీ ఇప్పుడే తొలిచారా
- ప్రతి బోల్టూ ఒకసారి విప్పి మళ్లీ బిగించి చూశారా
- దిండ్లు, వాషర్లు ఏ చోటివి ఆ చోటి సంచిలో పేరు రాసి పెట్టారా

బాడీని విడిగా కాకుండా ఛాసిస్ మీద బిగించే లారీ ఎక్కించండి. విడిగా ఎత్తాల్సి వస్తే ఆ తలుపు కర్ణం గొట్టాన్ని ప్రైమర్ మీద కాకుండా లోపలి కట్టుకు బోల్టులతో బిగించి, నలుగురు అడుగు గొట్టాలను పట్టుకునే ఎత్తాలి. పై అంచు పట్టుకుని ఎవరినీ ఎత్తనివ్వద్దు.